ఏ భారమూ లేని పొలం

అవనిగడ్డ,
9-2-1933

పంతులూ,

అవసరం పడితే గాని వీడికి నేను గుర్తు రానని నువ్వు తిట్టుకునే లోపలే ఆ అవసరమేమిటో చెప్పేస్తాను. మా చేనుగట్టుకు ఆనుకుని మీ పెదనాన్న వెంకటసుబ్రహ్మణ్యం మాస్టారి మూడెకరాలు ఉన్నాయి గదా. ఆయన గుడివాడ నుంచి కబురు పెట్టారు. పెద్దవాణ్ణయ్యాను, రేవు దాటి అంత దూరం వచ్చి చేను చూసుకోలేను, నీకైతే ఇస్తాను శివరామయ్యా అన్నారు. నాకు లెక్కలు నేర్పిన మనిషి అడిగితే ఏమంటాను? సరే అన్నాను.

కాని చేతిలో ఉన్నది చాలదు. మా మామగారు రావమ్మకు పసుపు కుంకుమ కింద గుడివాడ దగ్గర ఎకరన్నర ఇచ్చారు, నీకు తెలుసు. అది అమ్మితే గాని ఇది కొనలేను. రావమ్మ రెండు రోజులు ససేమిరా అంది. మూడో రోజు ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. ఈ మూడెకరాల మీద ఇంకెవరికీ ఏ హక్కూ లేదని గట్టిగా తేలాలిట. ఆ పొలం మీద ఎవరికేం రాసిచ్చారో రిజిస్ట్రారు ఆఫీసు వాళ్లు పుస్తకాలు వెతికి ఒక సర్టిఫికెట్టు ఇస్తారుట గదా. అది తన కళ్లబడాలిట. చదువు రాకపోయినా దానికి ఇవన్నీ ఎవరు చెబుతారో నాకు తెలియదు. "వెతుకుడు కాగితం" అని ఆ సర్టిఫికెట్టుకు పేరు కూడా పెట్టింది.

ఇంకో మాట కూడా అంది. కోపం తెచ్చుకోకు. "మీ స్నేహితుడు వద్దు. ముక్కూ మొహం తెలియని ప్లీడర్ని చూసుకోండి. ఫీజు పారేసి, చేశావా లేదా అని గదమాయించి అడగొచ్చు. మనవాడైతే అడగలేం" అంది. బందరులో నువ్వుండగా ఇంకొకడి గడప తొక్కుతానా అని నేను దాని నోరు మూయించాను. పాత దస్తావేజులు చూడడం, కొత్తది రాయడం, ఆ సర్టిఫికెట్టు తీయించడం, అన్నీ నీమీదే పెడుతున్నాను. ఫీజు ఎంతో మొహమాటం లేకుండా రాయి.

శివరామయ్య


బందరు,
14-2-1933

బావా శివరామయ్యా,

ఫీజు ఎంతో రాయమన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి నీ ఉత్తరం విసిరి అవతల పారేశాను. మా ఇంటావిడ తీసి చేతికిస్తే మిగతాది చదివాను. నీ పుస్తకాలు అరువు తెచ్చుకుని ఫోర్తు ఫారం గట్టెక్కినవాణ్ణి, నీ దగ్గర ఫీజు పుచ్చుకుంటానా? ఇంకోసారి ఆ మాట ఎత్తితే నీ దస్తావేజు ఎవరిచేతనైనా రాయించుకో.

చెల్లెమ్మ రావమ్మకు నా మాటగా చెప్పు. ఆ మూడెకరాల సంగతి నాకు తెలిసినంతగా రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకాలకు కూడా తెలియదు. అది మా తాతగారి నాటి పొలం. ఆ గట్ల మీద నేను జీడిమామిడి పళ్లు తింటూ తిరిగాను. పాత కాగితాలన్నీ పెదనాన్న పంపించారు, చూశాను. ఏ తాకట్టూ లేదు, ఏ తగాదా లేదు. సర్టిఫికెట్టు కూడా తీయిస్తున్నాను, కంగారు పడవద్దు. మా పెదనాన్న ఆస్తికి నేను సర్టిఫికెట్టు అడుగుతుంటే ఆఫీసులో గుమాస్తాలు నవ్వుతారేమో గాని, చెల్లెమ్మ కోసం నవ్వులపాలవుతానులే.

క్రయ దస్తావేజు చిత్తు ఈ వారంలో పంపుతాను. స్టాంపు కాగితాలు మాత్రం నువ్వు అవనిగడ్డలో కొని ఉంచు.

నీ
వేంకటేశ్వర్లు


అవనిగడ్డ,
20-4-1933

పంతులూ,

రిజిస్ట్రీ అయిపోయింది. నువ్వు వస్తావని రావమ్మ పులిహోర కలిపి నీకోసం విడిగా బ్రాహ్మల ఇంట్లో చేయించిన బూరెలు కూడా తెప్పించింది. కోర్టులో కేసు ఉందని నీ కార్డు వచ్చేసరికి ఉసూరుమంది. ఆ బూరెలు మాస్టారికి పెట్టబోతే ఆయన ఒకటి కూడా ముట్టుకోలేదు. ఒంట్లో బాగాలేదన్నారు.

నువ్వు రాసిన దస్తావేజు చూసి రిజిస్ట్రారు గారు అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయన్నారు. "చదివి వినిపించమంటారా?" అని మాస్టార్ని అడిగితే, "మా వాడు రాసిందే, అక్కర్లేదు" అన్నారు. నేనూ అక్కర్లేదన్నాను. ఆయన సంతకం పెట్టబోయి కలం మళ్లీ సిరాబుడ్డిలో ముంచారు. తాతల నాటి నేల గదా, ఎవరికైనా కష్టమే. నాకు జాలేసింది. బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పబోయి, "పొలాన్ని బాగా చూసుకో" అని మాత్రం అన్నారు.

ఇప్పుడు రావమ్మ రోజూ పొద్దున్నే కొత్త చేలోకి వెళ్లి నిలబడుతోంది. పుట్టింటివాళ్లు ఇచ్చిన నేల పోయిందన్న దిగులు ఇంకా తీరలేదు. గట్టు మీద గోంగూర వేసింది. ఆ వెతుకుడు కాగితం వస్తే పెట్టెలో పెట్టుకుంటుందిట. నీ దగ్గరే ఉండిపోయినట్టుంది. అడగడానికి నాకు మొహమాటంగా ఉంది. అది పక్కన నిలబడి రాయిస్తోంది, నేను రాస్తున్నాను.

శివరామయ్య


బందరు,
2-5-1933

బావా,

కార్డు ముక్కతో సరిపెడుతున్నాను, క్షమించు. సెలవులకు ముందు కోర్టు పని ఊపిరాడనివ్వడం లేదు. సర్టిఫికెట్టు తయారుగా ఉంది. ఆఫీసు గుమాస్తా కూతురి పెళ్లికి వెళ్లాడు, రాగానే తెచ్చి పంపిస్తాను. దస్తావేజు రిజిస్టరు అయ్యాక దానితో పెద్ద పని లేదనుకో. చెల్లెమ్మకు నా ఆశీస్సులు.

వేంకటేశ్వర్లు


అవనిగడ్డ,
28-1-1934

పంతులూ,

నీ కాగితం రానేలేదు. మళ్లీ అడగకూడదనుకున్నాను. ఇప్పుడు అడగాల్సి వచ్చింది.

మొన్న గురువారం కుప్ప నూరుస్తున్నాం. తల మీద ముసుగు, చేతిలో చిన్న మూట, ఒక పెద్దావిడ కళ్లం దగ్గరికి వచ్చి నీడలో కూర్చుంది. మాస్టారి పాత కౌలుదారు కోటయ్య ఆవిణ్ణి చూడగానే తలపాగా తీసి నిలబడ్డాడు. ముదినేపల్లిలో అన్నగారింట్లో ఉంటుందిట. రైలెక్కి బందరు వచ్చి, బస్సులో చల్లపల్లి దాకా వచ్చి, పులిగడ్డ రేవు దాటి, అక్కణ్ణుంచి నడుచుకుంటూ వచ్చింది. ఒక్కతే. "ఈ ఏడు నా వడ్లు రాలేదు నాయనా. జబ్బు చేసిందేమో అనుకుని కోటయ్యను చూడడానికి వచ్చాను" అంది. ఏటా అవి చేర్చే కోటయ్య, ఇకమీదట తామే పంపుతామని మాస్టారు చెప్పారని ఊరుకున్నాడుట. పొలం అమ్ముడుపోయినట్టు ఆవిడకు తెలియదు. నేను చెప్పాను. "అయితే ఇప్పుడు నువ్వు ఇస్తావా?" అని అడిగింది.

పేరు బాలాత్రిపురసుందరమ్మ. మీ ఇంటిపేరే చెప్పింది. మూటలోంచి ఒక దస్తావేజు తీసి ఇచ్చింది. పన్నెండేళ్ల కిందటిది, రిజిస్టరు చేసినది. మాస్టారు తన చనిపోయిన తమ్ముడి భార్యకు మనోవర్తి కింద, ఆవిడ బతికున్నంత కాలం ఏటా ఆరు బస్తాల వడ్లు ఇచ్చేటట్టు, ఆ వడ్లకు ఈ మూడెకరాలే పూచీ అయ్యేటట్టు రాశారు. రెండు సార్లు చదివాను. సాక్షుల సంతకాల దగ్గర మాత్రం చెమ్మ తగిలి సిరా అలుక్కుపోయింది. ఎవరెవరు పెట్టారో తెలియలేదు.

మాస్టార్ని అడుగుదామంటే, దసరాలో వచ్చిన పక్షవాతంతో ఆయనకు మాట పడిపోయిందని నువ్వే రాశావు. ఆయన కొడుకు జనార్దనరావుకు కబురు పంపాను. నాన్నగారి వ్యవహారాలు తనకేమీ తెలియవన్నాడు. ఇంక నాకు నువ్వే ఉన్నావు. ఈవిడ నీకు ఏమవుతుంది? ఈ దస్తావేజు సంగతి నీకు ముందే తెలుసునా? తెలిస్తే తెలుసునని చెప్పు. నేనేమీ అనుకోను.

శివరామయ్య


బందరు,
3-2-1934

బావా,

నీ ఉత్తరం చదివి కొయ్యబారిపోయాను. ఆవిడ నాకు వరసకు పిన్ని. మా చిన్నాన్న భార్య. ఆయన పోయాక పుట్టింటికి వెళ్లిపోయింది, రాకపోకలు తగ్గిపోయాయి. పెదనాన్న ఇలాంటి దస్తావేజు రాసిచ్చాడని నాకు బొత్తిగా తెలియదు. సర్టిఫికెట్టు తీయించినప్పుడు ఆఫీసు వాళ్లు సరిగా వెతకలేదన్నమాట. ఆ గుమాస్తాలకు పుస్తకాలు తిరగేయడానికి బద్ధకం. ఎవరితో చెప్పుకుంటాం?

అయినా నువ్వు బెంగపెట్టుకోవద్దు. ప్లీడరుగా ఒక సలహా చెబుతాను. ఆవిడకు ఈ ఏడు వడ్లు కొలవకు. ఒక్కసారి కొలిస్తే ఆ హక్కు నువ్వు ఒప్పుకున్నట్టే అవుతుంది, ఆ తర్వాత కాదనడం కష్టం. నాకేమీ తెలియదు, నేను కొనుక్కున్నాను అని ఊరుకో. ఆవిడ కోర్టుకు రావాలంటే ప్లీడరు కావాలి, స్టాంపులు కావాలి, వెంట తిరగడానికి ఒక మగదిక్కు కావాలి. అన్నగారింట్లో ఒక్కపూట తిని పడుండే మనిషి దావా ఎక్కణ్ణుంచి వేస్తుంది? రెండేళ్లు పోతే అదే సర్దుకుంటుంది.

సాక్షుల పేర్లు అలుక్కుపోయాయని రాశావు. అదీ ఒకందుకు మంచిదే. ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

వేంకటేశ్వర్లు


అవనిగడ్డ,
11-2-1934

మహారాజశ్రీ ప్లీడరు వేంకటేశ్వర్లు గారికి,

మీ సలహా అందింది. అంతకు ముందే ఆరు బస్తాలూ కొలిచేశాము. బండి కట్టి రేవు దాకా కోటయ్యను తోడిచ్చి పంపించాము. కాబట్టి మీ సలహా మాకు పనికిరాలేదు.

రావమ్మ ఒక సంగతి అడగమంది. వెతుకుడు కాగితం కోసం మీరు రిజిస్ట్రారు ఆఫీసులో ఫీజు కట్టి ఉంటారు గదా. దానికి రసీదు ఇస్తారుట. ఆ రసీదు నెంబరూ తారీఖూ తెలియజేయ గోరుతాను. సరిగా వెతకని గుమాస్తా మీద మేము అర్జీ పెట్టుకుంటాము. "మా నాన్న ఇచ్చిన నేల అమ్ముకుని, ఒక ముసలమ్మ నోటి దగ్గరి కూడు కొనుక్కున్నానా?" అని అది నిన్నంతా ఏడ్చింది. మీకు రాయవద్దంది. రాస్తున్నాను.

మీ పిన్నిగారు మా ఇంట్లో రెండు రోజులున్నారు. మా వంట తినరు గదా. కళ్లం పక్కన పాక కడిగి ఇస్తే మూడు రాళ్లు పెట్టుకుని ఆవిడే గిన్నెడు అన్నం వండుకున్నారు. రావమ్మ గట్టు మీది గోంగూర కోసి ఇస్తే పచ్చడి నూరి, సగం మాకు ఇచ్చి, "ఈ నేల గోంగూరకు ఇంత పులుపు ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదే" అన్నారు. పన్నెండేళ్లుగా ఈ నేల వడ్లు తింటున్నారు గాని, నేలను చూడడం ఇదే మొదటిసారిట.

వెళ్లేటప్పుడు ఒక మాటన్నారు. ఆవిడ అన్నది అన్నట్టే రాస్తున్నాను. "మా వెంకటేశులు బందర్లో ప్లీడరు. వాడికి తెలిస్తే ఇలా జరగనిచ్చేవాడు కాడు. కాని వాడికి చెప్పకు నాయనా. పెదనాన్న ఇలా చేశాడని తెలిస్తే వాడు బాధపడతాడు, చిన్నప్పటినుంచీ మెత్తటి మనసు వాడిది."

చెప్పవద్దన్న మాట చెప్పినందుకు నన్ను ఆవిడ క్షమించాలి.

ఇట్లు
శివరామయ్య


బందరు,
2-3-1934

శివరామయ్యకు,

బావా అని రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు నన్ను గారు అన్నావు, మీరు అన్నావు. ఇరవై ఏళ్లలో ఎప్పుడూ అనలేదు. మా ఇంటావిడ ఆ ఉత్తరం కవరు చూసి, ఎవరో కొత్త క్లయింటు కాబోలు అంది.

ఈ జవాబు మూడుసార్లు రాసి మూడుసార్లు చింపేశాను. మొదటి దాంట్లో గుమాస్తాను తిట్టాను. రెండో దాంట్లో తప్పంతా పెదనాన్న మీద పెట్టాను. మూడో దాంట్లో సెక్షన్లు రాశాను. ఇది నాలుగోది. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా పూర్తి చేస్తాను.

రసీదు నెంబరు లేదు. రసీదే లేదు. నేను సర్టిఫికెట్టు కోసం అర్జీ పెట్టలేదు. గుమాస్తా కూతురికి పెళ్లి కాలేదు. అతనికి కూతురు ఉందో లేదో కూడా నాకు తెలియదు.

ఇక్కడితో ఆపేస్తే నేను వట్టి బద్ధకస్తుణ్ణని అనుకుంటావు. బద్ధకమే అయితే ఎంత బాగుండేది! నాకు తెలుసు, శివరామయ్యా. నీ మొదటి ఉత్తరంలో మా పెదనాన్న మూడెకరాలు అన్న మాట చదవగానే నాకు పిన్ని గుర్తుకొచ్చింది. వెంటనే గుడివాడ వెళ్లి ఆయన్ని అడిగాను. "సర్టిఫికెట్టు తీస్తే ఆ మనోవర్తి అందులో పడుతుంది. పడితే శివరామయ్య వెనక్కి తగ్గుతాడు. ఏరా, దానికి లోటు రానిస్తానట్రా? బతికినన్నాళ్లూ నేనే ఇక్కణ్ణుంచి పంపిస్తాను" అన్నారు. మా నాన్న పోయాక నాకు అన్నం పెట్టి, బట్టలిచ్చి, పరీక్షకు కట్టింది ఆయన. ఆయన అలా చాప మీద కూర్చుని నా మొహం వంక చూస్తుంటే కాదనలేకపోయాను. మొహమాటం. కోర్టులో జడ్జీ ఎదుట గొంతెత్తి వాదించే వాణ్ణి, ఆయన ఎదుట తల ఊపాను. ఇంటికొచ్చి నీకు "ఏ తాకట్టూ లేదు, ఏ తగాదా లేదు" అని రాశాను. ఆ రెండూ లేని మాట నిజమేనని నాకు నేను చెప్పుకున్నాను. దస్తావేజులో మాత్రం ఆ దాపరికం కూడా కుదరలేదు. "యీ భూమిపై యెట్టి తాకట్టు గాని, మనోవర్తి గాని, యితర భారము గాని యేమియు లేదని" నా చేత్తో రాశాను. మనోవర్తి అన్న మాట దగ్గర కలం ఆగింది. ఆ మాట వదిలేద్దామనుకున్నాను. వదిలేస్తే అనుమానం వస్తుందేమోనని రాశాను. రిజిస్ట్రీ నాడు కేసు ఉండి రాలేకపోవడం కాదు. ఆ వాక్యం చదివి వినిపిస్తుంటే నీ పక్కన నిలబడలేక రాలేదు.

ఇంకొకటి ఉంది. ఇదే కష్టం.

సాక్షుల పేర్లు అలుక్కుపోయాయన్నావు. మొదటి సాక్షి మా ఊరి కరణం, ఆయన పోయాడు. రెండో సాక్షిని నేను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. గుడివాడ ఇంటి వరండాలో దస్తావేజు లేఖరి గబగబా చదివేశాడు. పిన్నికి ఏమీ అర్థం కాలేదు. తలుపు చాటునుంచి, "బావగారూ, వెంకటేశుల్ని కూడా సంతకం పెట్టమనండి. వాడు ప్లీడరు చదువుతున్నాడుగా. వాడు పెడితే నాకు ధైర్యం" అంది. నేను ఎంతో గర్వంగా పెట్టాను. నేను సాక్షి సంతకం పెట్టిన మొదటి దస్తావేజు అదే. లోపలికి వెళితే పిన్ని నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది.

ఇప్పుడు ఆవిడ నాకు చెప్పవద్దందని నువ్వు రాశావు. ఆ వాక్యం చదివాక నేను కోర్టుకు రెండు రోజులు వెళ్లలేదు. ఆవిడ దావా ఎక్కణ్ణుంచి వేస్తుంది అని రాసింది నేనే. ఆ ఉత్తరం నువ్వు చింపలేదనుకుంటాను. చింపవద్దు.

పోయిన ఆదివారం ఆవిడకు చెప్పుకుందామని బయల్దేరాను. గుడివాడ స్టేషన్లో దిగాను. ముదినేపల్లి బండివాడితో బేరం కూడా ఆడాను. ఎక్కలేకపోయాను. తిరుగు రైలు వచ్చేదాకా ఆ బెంచీ మీదే కూర్చుని, ఎక్కి వచ్చేశాను.

ఒక్క పని చేశాను. ఇక్కడ జీవానందం గారని ఒక ప్లీడరు ఉన్నారు. ఆయనకూ నాకూ పడదు, నాలుగేళ్లుగా మాటలు లేవు. ఆయన దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఫీజు కట్టి సర్టిఫికెట్టు తీయించమన్నాను. ఆయన చదివి, నన్ను తలెత్తి చూడకుండా కాగితం చేతికిచ్చారు. దీనితో జతచేశాను. నీ క్రయం కాక ఒక్కటే పద్దు ఉంది, పన్నెండేళ్ల కిందటిది. ఆఫీసు వాళ్లు వెంటనే కనుక్కున్నారు. చెల్లెమ్మకు ఇవ్వు. ఏడాది ఆలస్యంగా ఇస్తున్నాను.

నా మీద దావా వెయ్యి. జీవానందం గారు నీ తరఫున నిలబడతారు. నేను ఎదురు వాదించను. నా ప్లీడరు సన్నదు రద్దు చేస్తే చేయనీ. ఆ ఆరు బస్తాల ఖరీదు ఏటా నేను ఇస్తాను, అది ఎలాగూ ఇస్తాను. అది ఇచ్చినంత మాత్రాన తప్పు కడుక్కుపోతుందని అనుకోవడం లేదు.

వేంకటేశ్వర్లు


అవనిగడ్డ,
10-3-1934

పంతులూ,

నీ ఉత్తరం రావమ్మకు మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఒక్క మాట మింగలేదు. అది చేట పక్కన పెట్టి వింది. చివర "ఇంతేనా, ఇంకా ఏమైనా ఉందా?" అని అడిగింది. ఇంతే అన్నాను.

ఇప్పుడు నేను చెప్పాల్సింది ఒకటుంది. ఆ దస్తావేజుకు చెమ్మ తగల్లేదు.

మీ పిన్ని దాన్ని ఎంత పదిలంగా దాచుకుందంటే, మడత మీద మచ్చ కూడా లేదు. కళ్లంలో ఆవిడ చేతికిచ్చిన క్షణంలోనే నీ సంతకం చూశాను. చివరి అక్షరం కింద కొక్కెంలా తోక లాగడం నీకు హైస్కూలు నుంచీ అలవాటే. కాగితం పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. ఎండ దెబ్బ తగిలిందేమోనని కోటయ్య మంచినీళ్లు తెచ్చాడు. ఇంటికొచ్చి నీకు ఉత్తరం రాశాను. తెలుసునని నీ అంతట నువ్వే చెబుతావని, చెప్పడానికి దారి ఉండాలని, అలుక్కుపోయిందని అబద్ధం రాశాను. నువ్వు ఆ దారిన రాలేదు. "అదీ ఒకందుకు మంచిదే" అని రాశావు. తెలుసునని అప్పుడు ఒక్క మాట రాసి ఉంటే, పంతులూ, మూడెకరాలూ పోయినా నేను ఇంత బాధపడేవాణ్ణి కాను.

నా తప్పు కూడా చెబుతాను. రావమ్మ మొదటి రోజే చెప్పింది, మనవాడైతే అడగలేమని. నేను నీ స్నేహం కోసమే నీ దగ్గరికి వచ్చానని చెప్పుకున్నాను. లోపల, ఫీజు మిగులుతుందన్న ఆశ కూడా ఉంది. నువ్వు వద్దన్నప్పుడు పైకి కోప్పడ్డట్టు నటించి లోపల సంతోషించాను. ఊరికే చేయించుకున్న పనికి రసీదు అడగడానికి నోరు రాలేదు. నువ్వు మీ పెదనాన్న ఎదుట మొహమాటపడ్డావు, నేను నీ ఎదుట పడ్డాను. మధ్యలో ఆవిడ వడ్లు పోయాయి.

దావా వేయను. క్షమించానని అనుకోకు. క్షమించానో లేదో నాకే తెలియదు. రావమ్మ మాత్రం మూడు సంగతులు తేల్చింది, నేను రాస్తున్నాను.

వడ్ల ఖరీదు నువ్వు ఇవ్వనక్కర్లేదు. ఆ వడ్లు ఈ నేలవే అయి ఉండాలిట, ఆవిడ కాగితంలో అలా ఉంది కాబట్టి. ఇస్తామని మేమే కొత్తగా ఒక దస్తావేజు రాసి రిజిస్టరు చేయిస్తున్నాం. రాసేది జీవానందం గారు. ఫీజు మేమే ఇస్తాం, ఇచ్చి గదమాయించి అడుగుతాం. కాని ఏటా ఆ ఆరు బస్తాలూ బండికెత్తించి, రేవు దాటించి, రైలెక్కించి, ముదినేపల్లిలో ఆవిడ గడప దాకా చేర్చే పని నీది. కూలివాణ్ణి పంపితే ఒప్పుకోదుట. కోర్టు నల్లకోటు వేసుకొచ్చినా పరవాలేదుట, నువ్వే రావాలిట.

మూడోది. ఉగాది వెళ్లగానే మీ పిన్నిని ఇక్కడికి పిలిపిస్తున్నాం. ఆవిడ ఎదుట, మా చావట్లో, మూడు కాగితాలూ చదవాలిట. ఆ నాటి మనోవర్తి దస్తావేజు, మొన్నటి క్రయ దస్తావేజు, ఇప్పటి కొత్తది. మూడూ నువ్వే చదవాలి. గబగబా కాదు. నువ్వు రాసిన ఆ "యేమియు లేదని" అన్న వాక్యం దగ్గర ఆగి, అది ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఆవిడకు నీ నోటితో చెప్పాలి. అంతా అర్థమైందని ఆవిడ అన్నాక, ఆవిడ ఒప్పుకుంటే, కొత్త దస్తావేజుకు సాక్షి సంతకం నువ్వు పెట్టాలి. ఒప్పుకోకపోతే కోటయ్య వేలిముద్ర వేస్తాడు.

ఇంతవరకూ ఆవిడకు నీ గురించి మేమేమీ చెప్పలేదు. నువ్వు వస్తున్నావని కూడా చెప్పలేదు. చెప్పమంటావా, మానమంటావా?

శివరామయ్య


బందరు,
14-3-1934

బావా,

సోమవారం పొద్దుటి బస్సులో చల్లపల్లికి వస్తున్నాను. రేవు దగ్గరికి బండి పంపవద్దు, ఆవిడ వచ్చినట్టే నడిచి వస్తాను.

నేను వస్తున్న సంగతి పిన్నికి చెప్పవద్దు. నన్ను చూడగానే బెల్లం ముక్క కోసం వెతుక్కుంటుంది, అది నేను చూడలేను.

కాదు. చెప్పు.

వేంకటేశ్వర్లు